మైక్‌ని బియ్యం డబ్బాలో పెట్టకండి: మన దుమ్ము, ఎండ, వానల మధ్య సౌండ్ గేర్‌ని కాపాడుకునే పద్ధతి

ఈరోజు ఎపిసోడ్ షార్ట్ ఫిల్మ్‌లు తీసే తమ్ముళ్ల కోసం, చెల్లెళ్ల కోసం. ఇంట్లో తాతయ్యల మాటలు రికార్డ్ చేయాలనుకునే వాళ్లు, పెళ్లి వీడియోలకు సౌండ్ పట్టే వాళ్లు, యూట్యూబ్‌లో ఊరి కథలు చెప్పే వాళ్లు కూడా చూడండి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, మధ్యలో మన వేములపల్లి, ఈ చుట్టుపక్కల కెమెరా పట్టుకున్న పిల్లలు చాలామంది ఉన్నారు. కెమెరా గురించి అడిగితే గంటసేపు చెప్తారు. "మైక్ ఎక్కడ పెడతావు తమ్మీ?" అంటే "బ్యాగ్‌లో పడేస్తా అన్నా" అంటారు. ఇవాళ మాట్లాడేది ఆ "పడేస్తా" గురించే.

ఒక విషయం ముందే చెప్పేస్తా. బొమ్మ కొంచెం బ్లర్ అయినా జనం చూస్తారు. మాట వినపడకపోతే పది సెకన్లలో స్క్రోల్ చేసి వెళ్లిపోతారు. ఫోన్‌లో వీడియో చూసే మనందరం చేసే పనే అది.

లొకేషన్ సౌండ్ అంటే ఏంటి, మనకు ఎందుకు?

మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో వచ్చింది. ఆ రోజుల్లో నటులు షూటింగ్‌లో మాట్లాడిందీ పాడిందీ అక్కడికక్కడే రికార్డ్ అయ్యేది. తర్వాత్తర్వాత ఔట్‌డోర్ షూటింగ్‌లు పెరిగాయి, గరగరమని చప్పుడు చేసే కెమెరాలు వచ్చాయి. దాంతో సెట్‌లో సౌండ్ పక్కకు పోయి, అంతా డబ్బింగ్ థియేటర్‌కి మారింది. మళ్లీ మన దేశంలో పెద్ద సినిమాల్లో సింక్ సౌండ్ మీద అందరి చూపు పడేలా చేసింది 2001లో వచ్చిన 'లగాన్'. 2009లో రసూల్ పూకుట్టికి 'స్లమ్‌డాగ్ మిలియనీర్' సౌండ్ మిక్సింగ్‌కి ఆస్కార్ వచ్చింది. ఆ తర్వాత జాతీయ అవార్డుల్లో లొకేషన్ సౌండ్ రికార్డిస్ట్‌కి విడిగా ఒక అవార్డు పెట్టారు. తెలుగులో 2016లో వచ్చిన 'పెళ్లి చూపులు' సింక్ సౌండ్‌తో తీసిన సినిమానే. ఆ సినిమాలో మాటలు పక్కింట్లో మాట్లాడుకుంటున్నట్టు ఉండటానికి అది ఒక పెద్ద కారణం.

సరే, సినిమా వాళ్ల సంగతి పక్కన పెడదాం. మన దగ్గర దీనికంటే అర్జెంట్ పని ఒకటుంది. మనది తెలంగాణ సాయుధ పోరాటం నడిచిన నేల. 1946లో పదేళ్ల పిల్లలుగా ఉండి అదంతా చూసినవాళ్లకు ఇప్పుడు తొంభై ఏళ్లు దగ్గర పడ్డాయి. మల్లు స్వరాజ్యం గారు 2022 మార్చి 19న పోయారు. ఆవిడ మాట ఎట్లుండేదో ఈరోజు పిల్లలు వినగలుగుతున్నారంటే, ఎవరో ఒకరు మైక్ పట్టుకుని ఆవిడ ముందు కూర్చున్నారు కాబట్టే. మీ ఇంట్లో నానమ్మ నాట్లేస్తూ పాడిన పాట ఉంది చూడండి, దానికి రీటేక్ లేదు. ఇవాళ రికార్డర్ ఆగిపోతే "రేపు వస్తాంలే" అనుకుంటాం. ఆ రేపు ఉండొచ్చు, ఉండకపోవచ్చు. గేర్ శుభ్రంగా పెట్టుకోవడం ఎందుకంటే, అది ఆగిపోకూడని రోజు ఒకటి వస్తుంది కాబట్టి.

ఇంకో ప్రాక్టికల్ విషయం. మంచి మైక్ పాడైతే మిర్యాలగూడలో దాన్ని విప్పి బాగుచేసే మనిషి దొరకడం కష్టం. హైదరాబాద్ పోవాలి, కోఠి గుజరాతీ గల్లీలోనో ఇంకెక్కడో తిరగాలి. పోయి రావడానికి ఒక రోజు పోతుంది. కాబట్టి పాడవకుండా చూసుకోవడమే మనకు చవక.

మొదటి శత్రువు: దుమ్ము

మన దగ్గర దుమ్ము ఒక రకం కాదు. నవంబర్‌లో వానాకాలం వరి కోతలు, ఏప్రిల్‌లో యాసంగి కోతలు. కోత మిషన్ దిగిందంటే పొలం మీద పొట్టు దుమ్ము మబ్బులా లేస్తుంది. మిర్యాలగూడ చుట్టూ రైస్ మిల్లులు, అక్కడ ఊక, తవుడు, బూడిద. మేళ్లచెరువు, మఠంపల్లి వైపు పోతే సిమెంట్ ఫ్యాక్టరీలు, లారీల దుమ్ము.

మైక్ లోపల డయాఫ్రమ్ అనే పల్చటి పొర ఉంటుంది. మనం మాట్లాడితే గాలి కదులుతుంది, ఆ గాలికి పొర కదులుతుంది, ఆ కదలికే కరెంట్ సిగ్నల్ అవుతుంది. అంత పల్చటి పొర మీద తవుడు పొడి పేరుకుంటే సౌండ్ మొద్దుబారిపోతుంది. దానికి తేమ తోడైతే చిటపటలు మొదలవుతాయి.

ఏం చేయాలి? మైక్‌ని ఎప్పుడూ ఫోమ్ తొడుగు లేకుండా బయటికి తీయకండి. షాట్‌కి షాట్‌కి మధ్య ఐదు నిమిషాలు గ్యాప్ ఉన్నా సరే, ఒక శుభ్రమైన కాటన్ సంచి మైక్ మీద కప్పండి. ఇంటికొచ్చాక మెత్తటి పొడి బ్రష్‌తో పైపైన దులపండి. మేకప్ బ్రష్ కొత్తది ఒకటి కొని దీనికే ఉంచుకోండి. దులిపేటప్పుడు మైక్ గ్రిల్ కిందికి ఉండేలా పట్టుకోండి, దుమ్ము కిందికి రాలాలి, లోపలికి పోకూడదు.

ఏం చేయకూడదు? మూడు పనులు. ఒకటి, నోటితో ఉఫ్ అని ఊదొద్దు. నోటి గాలిలో తడి ఉంటుంది. రెండు, పంక్చర్ షాపులో గాలి కొట్టించొద్దు. ఆ ప్రెషర్‌కి డయాఫ్రమ్ చిరిగిపోతుంది, పైగా ఆ కంప్రెసర్ గాలిలో నీళ్లు, ఆయిల్ తుంపర కూడా ఉంటాయి. మూడు, మైక్ గ్రిల్ మీద శానిటైజర్, స్పిరిట్, డబ్ల్యూడీ-40 లాంటివి ఏవీ కొట్టొద్దు. స్పిరిట్ వాడాల్సిన చోటు వేరే ఉంది, కేబుల్స్ దగ్గర చెప్తా.

ఇంకొక చిన్న విషయం, ఎవరూ పట్టించుకోనిది. పసుపుగా ముదిరిపోయిన పాత ఫోమ్ తొడుగులు. ఫోమ్‌కి కూడా వయసుంటుంది. మన ఎండకీ తేమకీ కొన్నేళ్లలో అది చేత్తో నలిపితే పొడిపొడి అయ్యే స్థితికి వస్తుంది. ఆ పొడి పోయేది నేరుగా మైక్ సందుల్లోకే. వేళ్లతో నొక్కి చూడండి. వేళ్లకి పొడి అంటితే ఆ రోజే పడేయండి. ఫోమ్ కొత్తది కొనడం చాలా చవక, మైక్ కాదు.

రెండో శత్రువు: తేమ

ఇక్కడే టైటిల్ సంగతి. ఫోన్ నీళ్లలో పడితే బియ్యంలో పెట్టమని ఎవరో ఒకరు చెప్తారు. మనది బియ్యం ఊరు కదా, ఇంట్లో బస్తాలే ఉంటాయి. మైక్ తడిస్తే అదే డబ్బాలోకి వెళ్తుంది. వద్దు. బియ్యం తేమని లాగే వేగం చాలా తక్కువ. కానీ బియ్యానికి అంటుకుని ఉన్న తవుడు పొడి మైక్‌లోకి పోయే వేగం ఎక్కువ. ఇక ఆ డబ్బాలో పురుగు ఉంటే చెప్పక్కర్లేదు.

దీనికి మందు సిలికా జెల్. కొత్త చెప్పుల డబ్బాలో చిన్న ప్యాకెట్ వస్తుంది చూశారా, అదే. అరకిలో ప్యాకెట్లు ఆన్‌లైన్‌లో కొన్ని వందల రూపాయలకే దొరుకుతాయి. గాలి చొరబడని మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి తీసుకోండి, కింద సిలికా జెల్ గుడ్డ సంచిలో కట్టి పెట్టండి, పైన మైకులు. పక్కన ఒక చిన్న తేమ మీటర్, అంటే హైగ్రోమీటర్ పెట్టండి. రీడింగ్ 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే చాలు. కెమెరా లెన్సులకు ఫంగస్ పట్టకుండా కూడా ఇదే డబ్బా పనికొస్తుంది.

రంగు మారే గింజలు కొంటే ఎప్పుడు నిండిపోయిందో తెలుస్తుంది. ఆరెంజ్ రంగువి తేమ పట్టాక ఆకుపచ్చకు తిరుగుతాయి. నీలం గింజలు గులాబీ అవుతాయి, కానీ వాటిలో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, అది విషం. చిన్నపిల్లలున్న ఇంట్లో నీలంవి వద్దు, ఆరెంజ్ తీసుకోండి. నిండిన గింజల్ని ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచితే మళ్లీ పని చేస్తాయి. దానికి వాడిన గిన్నెని వంటకి వాడొద్దు.

ఇప్పుడు అసలు సైన్స్. సన్నటి మాటని కూడా బాగా పట్టే మైకులు ఎక్కువగా కండెన్సర్ రకం. వాటి క్యాప్సూల్‌లో విద్యుత్ చార్జ్ నిలబడి ఉండాలి. గాలిలో తేమ ఎక్కువైతే ఆ చార్జ్ లీక్ అవుతుంది. అప్పుడు హెడ్‌ఫోన్‌లో పోపు గింజలు పేలినట్టు చిటపట వినపడుతుంది. సెన్‌హైజర్ ఎంకేహెచ్ 416 పేరు వినే ఉంటారు, 1970ల నుంచి సినిమా వాళ్ల చేతుల్లో ఉన్న షాట్‌గన్ మైక్. అది ఆర్ఎఫ్ కండెన్సర్ పద్ధతిలో పని చేస్తుంది, అందుకే తేమకి అంత తొందరగా లొంగదు. రోడ్ ఎన్‌టీజీ3 కూడా అదే పద్ధతి. సెప్టెంబర్‌లో సాగర్ ఎడమ కాలువ కట్ట మీద, పొద్దున్నే మంచులో నాట్ల దగ్గర షూటింగ్ ఉంటే అద్దెకైనా ఇలాంటి మైక్ తీసుకోవడం మంచిది. మామూలు కండెన్సర్ మైక్ చిటపటలాడితే కంగారు పడొద్దు. కేబుల్ పీకేసి, సిలికా జెల్ డబ్బాలో ఒక రాత్రి ఉంచండి. చాలాసార్లు తేరుకుంటుంది. హెయిర్ డ్రయర్ మాత్రం పెట్టకండి.

ఏసీ కారుతో జాగ్రత్త. చల్లటి కారులోంచి మైక్‌ని ఒక్కసారిగా ఉక్కపోతలోకి తెస్తే, ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ల సీసా మీద చెమట పట్టినట్టు మైక్ లోపలా బయటా నీటి చుక్కలు పడతాయి. లొకేషన్‌కి చేరాక బ్యాగ్ జిప్ తీయకుండా నీడలో ఒక అరగంట వదిలేయండి. ఈలోపు టీ తాగి, లొకేషన్ తిరిగి చూసుకోండి.

కాలర్ మైక్, అంటే లావలియర్‌కి వాన కంటే పెద్ద శత్రువు మనిషి చెమట. ఛాతీకి నేరుగా అంటించకండి. మధ్యలో మెడికల్ టేప్ ఒక పొర వేయండి. నడుముకి కట్టే ట్రాన్స్‌మిటర్‌కి చెమట పట్టకుండా సినిమా సౌండ్ వాళ్లు లూబ్రికెంట్ లేని కండోమ్ తొడుగుతారు. నవ్వకండి, నిజంగా వాడతారు. మెడికల్ షాపులో అడగడానికి మొహమాటమైతే పల్చటి ప్లాస్టిక్ కవర్, రబ్బర్ బ్యాండ్ వాడండి. యాంటెన్నాని మాత్రం మడవకండి.

మూడో శత్రువు: ఎండ

మే నెలలో మన దగ్గర 45 డిగ్రీలు కొత్త కాదు. అద్దాలు మూసి ఎండలో పెట్టిన కారు లోపల అంతకంటే చాలా ఎక్కువ ఉంటుంది. లిథియం బ్యాటరీల్ని మామూలుగా 45 డిగ్రీలు దాటితే చార్జ్ చేయకూడదు. వేడిలో చార్జ్ చేస్తే వాటి ఆయుష్షు పడిపోతుంది, ఉబ్బిపోతాయి కూడా. ఉబ్బిన బ్యాటరీని "ఇంకా పని చేస్తుంది కదా" అని వాడొద్దు. దాన్ని గుచ్చొద్దు, నొక్కొద్దు, ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇవ్వండి.

కారులో గేర్ వదలక తప్పకపోతే సీటు మీద కాదు, కింద నీడలో, తెల్ల గుడ్డ కప్పి పెట్టండి. చేపలు, ఐస్‌క్రీమ్ తెచ్చే థర్మకోల్ పెట్టె ఉంటుంది కదా, ఐస్ లేకుండా ఉత్త పెట్టె, అది బ్యాటరీలకు చాలా మంచి ఇల్లు. కొత్తదే తీసుకోండి, చేపలు తెచ్చింది వద్దు.

డబుల్ ఏ సెల్స్ వాడే రికార్డర్ అయితే రీచార్జబుల్ నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ కొనండి. చార్జ్ చేసి పక్కన పెట్టినా త్వరగా దిగిపోని రకాలు ఉన్నాయి, ఎనిలూప్ లాంటివి. ఈ సెల్ 1.2 వోల్టులు, మామూలు ఆల్కలైన్ సెల్ 1.5 వోల్టులు. రికార్డర్ మెనూలో బ్యాటరీ టైప్ అని ఉంటుంది, అక్కడ సరైనది పెట్టకపోతే బ్యాటరీ గుర్తు తప్పు చూపిస్తుంది. పాత సెల్, కొత్త సెల్ కలిపి వేయొద్దు. నాలుగింటికి ఒకే నంబర్ మార్కర్‌తో రాసి ఒక జట్టుగానే వాడండి. పది రోజులు వాడకపోతే సెల్స్ బయటికి తీసి పెట్టండి, లేకపోతే లీకై కాంటాక్టులు తినేస్తాయి. లిథియం బ్యాటరీల్ని ఎక్కువ రోజులు దాచాలంటే సగం చార్జ్‌లో ఉంచండి.

నాలుగో శత్రువు: గాలి, చప్పుడు

కాలువ కట్ట మీద హీరో హీరోయిన్ నడుస్తూ మాట్లాడుకునే సీన్ లేని షార్ట్ ఫిల్మ్ మన ఏరియాలో ఉందా? అక్కడ గాలికి ఉత్త ఫోమ్ చాలదు. బొచ్చు తొడుగు కావాలి, డెడ్ క్యాట్ అంటారు. మడతపడి అట్టకట్టిన బొచ్చు పని చేయదు. గోరువెచ్చటి నీళ్లు, కొంచెం షాంపూతో మెల్లగా ఉతికి, నీడలో పూర్తిగా ఆరబెట్టి, మెత్తటి బ్రష్‌తో దువ్వండి. రికార్డర్‌లో లో-కట్ 80 హెర్ట్జ్ దగ్గర ఆన్ చేయండి.

మన లొకేషన్లలో వినపడే చప్పుళ్లు ఒక లిస్ట్ రాసుకోండి. అద్దంకి రోడ్డు మీద లారీలు, మిల్లు హోరు, గుడి మైక్, బోరు మోటర్లు. 2018 జనవరి 1 నుంచి మన దగ్గర వ్యవసాయానికి 24 గంటల కరెంట్ మొదలైంది కదా, అంతకుముందు కరెంట్ పోయిన గంటల్లో దొరికే నిశ్శబ్దం ఇప్పుడు పొలంలో దొరకదు. ఆటో స్టార్టర్ పెట్టిన మోటర్ మధ్య షాట్‌లో లేచి కూర్చుంటుంది. పక్క పొలం పెద్దమనిషి దగ్గరికి పోయి, "పెదనాన్నా, ఓ ఇరవై నిమిషాలు మోటర్ ఆపుతారా" అని మర్యాదగా అడగండి. ఏ సాఫ్ట్‌వేర్ ఫిల్టర్ కంటే ఇది బాగా పని చేస్తుంది.

ఇంట్లో షూట్ చేస్తే ఫ్రిజ్ ఆపాలి. ఆపి మర్చిపోతే పాలు విరుగుతాయి, మళ్లీ ఆ ఇంట్లోకి రానివ్వరు. దీనికి సౌండ్ వాళ్ల పాత చిట్కా ఒకటుంది. ఫ్రిజ్ ఆపేటప్పుడు మీ బండి తాళం ఫ్రిజ్ లోపల పెట్టండి. తాళం తీసుకోకుండా ఇంటికి పోలేరు, ఫ్రిజ్ ఆన్ చేయకుండా రాలేరు.

ఫ్యాన్ సంగతి వేరు. మే నెలలో తొంభై ఏళ్ల తాతయ్యని ఫ్యాన్ ఆపి గంటసేపు కూర్చోబెట్టడం తప్పు. పొద్దున్న ఆరు, ఏడు గంటలకి పోండి. పదిహేను నిమిషాలు రికార్డ్, తర్వాత ఫ్యాన్ వేసి మంచినీళ్లు, మళ్లీ పదిహేను నిమిషాలు. మైక్ ఎంత దగ్గరుంటే ఫ్యాన్ గోల అంత తగ్గుతుంది. ఆరుబయట దూరం రెట్టింపు అయితే మాట 6 డెసిబెల్స్ పడిపోతుంది. ఆ లెక్క ఒక్కటి గుర్తుంటే చాలు, సగం సమస్యలు మైక్ దగ్గరికి జరిపితే పోతాయి.

కాలర్ మైక్ పెట్టేటప్పుడు పట్టు చీర గరగర, గాజులు, పుస్తెలతాడు, గొలుసు తగిలే చప్పుడు విని చూడండి. నానమ్మలకి, అత్తలకి మైక్ పెట్టాలంటే వాళ్లింట్లో ఆడవాళ్లకి ఎలా పెట్టాలో చూపించి వాళ్లతోనే పెట్టించండి. మనిషి ఇబ్బంది పడితే మాట రాదు.

ఇక దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర. రెండేళ్లకోసారి వచ్చే లింగమంతుల స్వామి జాతరలో రికార్డ్ చేయాలని చాలామందికి ఉంటుంది. డప్పులు, భేరీలు, వేలమంది ఒక్కసారే "ఓ లింగా" అనడం, దానికి తోడు దుమ్ము. అక్కడ మాటలు పట్టడానికి ఖరీదైన కండెన్సర్ వద్దు. షూర్ ఎస్ఎం58 లాంటి డైనమిక్ మైక్ చేత్తో నోటి దగ్గర పెట్టి ఇంటర్వ్యూ చేయండి. దానికి ఫాంటమ్ పవర్ అక్కర్లేదు, దుమ్ముకీ తేమకీ కూడా గట్టిగా నిలబడుతుంది, దూరం చప్పుడు తక్కువ పడుతుంది.

కేబుళ్లు

మైక్ పాడైందనుకున్నప్పుడు ముందు అనుమానించాల్సింది కేబుల్‌ని. కేబుల్‌ని మోచేతికి తాడులా చుట్టకండి. లోపల తీగలు మెలికపడి తెగుతాయి. ఒక చుట్టు మామూలుగా, తర్వాతి చుట్టు లోపలికి తిప్పి, ఇలా మార్చి మార్చి చుట్టండి. విసిరితే మెలిక లేకుండా నిటారుగా పోవాలి. రెండు రోజులు ప్రాక్టీస్ చేస్తే చెయ్యి తిరుగుతుంది. చివర వెల్క్రో పట్టీ వేయండి, ముడి వేయొద్దు.

ఎక్స్‌ఎల్‌ఆర్ పిన్నులు నల్లబడితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కాటన్ బడ్‌కి అద్ది తుడవండి, పూర్తిగా ఆరాకే పెట్టండి. స్పిరిట్ వాడాల్సిన చోటు అన్నాను కదా, ఇదే. ఫోన్‌కి పెట్టే కాలర్ మైక్ కొనేటప్పుడు జాక్ మీద నల్ల గీతలు లెక్కపెట్టండి. మూడు గీతలుంటే ఫోన్ రకం, రెండుంటే కెమెరా రకం. ఒకదాంట్లో పెట్టాల్సింది ఇంకొకదాంట్లో పెట్టి "మైక్ డెడ్" అనుకునే వాళ్లు చాలామంది. ఫోన్‌తో రికార్డ్ చేస్తే ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. మధ్యలో కాల్ వస్తే రికార్డింగ్ ఆగుతుంది, సిగ్నల్ బర్ర్ కూడా మైక్‌లో పడుతుంది.

మెమరీ కార్డ్: ఇక్కడ నాలోని సాఫ్ట్‌వేర్ వాడు మాట్లాడతాడు

కార్డ్‌ని లాప్‌టాప్‌లో కాదు, రికార్డర్‌లోనే ఫార్మాట్ చేయండి. రికార్డ్ ఆపాకే పవర్ ఆపండి. నడుస్తుండగా బ్యాటరీ పీకితే ఫైల్ సరిగ్గా మూసుకోక తెరుచుకోకపోవచ్చు.

సైజు గురించి భయం వద్దు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో ఒక్క ట్రాక్ నిమిషానికి సుమారు 8.6 ఎంబీ, గంటకి 520 ఎంబీ లోపు. 32 జీబీ కార్డ్‌లో ఒక ట్రాక్ అరవై గంటల దాకా పడుతుంది. కాబట్టి స్థలం కోసం ఎంపీ3లో రికార్డ్ చేయాల్సిన పనే లేదు, వేవ్ ఫార్మాట్ పెట్టండి. లెవెల్ మైనస్ 20 నుంచి మైనస్ 12 మధ్య ఆడితే చాలు.

"32 బిట్ ఫ్లోట్ ఉంటే లెవెల్ చూసుకోనక్కర్లేదట కదా అన్నా?" చాలామంది అడిగే ప్రశ్న. జూమ్ ఎఫ్3, ఎఫ్6 లాంటి రికార్డర్లలో ఉంది. రికార్డర్ వరకు అరుపు కూడా పగలదు, నిజమే. కానీ మైక్ దగ్గరే పగిలినా, వైర్‌లెస్ ట్రాన్స్‌మిటర్ దగ్గరే పగిలినా, గాలి కొట్టినా, మైక్ దూరం పెట్టినా అది ఏమీ చేయలేదు. హెడ్‌ఫోన్ పెట్టుకుని వినే పని ఎవరికీ తప్పదు.

షూట్ అయ్యాక మూడు కాపీలు, రెండు వేరువేరు చోట్ల, అందులో ఒకటి ఇంటి బయట. కార్డ్, లాప్‌టాప్, క్లౌడ్ లేదా ఫ్రెండ్ హార్డ్ డిస్క్. కాపీ చేశాక ఫైల్స్ తెరిచి, మొదలు, మధ్య, చివర విని, అప్పుడే కార్డ్ ఖాళీ చేయండి. కాపీ అయింది అని స్క్రీన్ మీద వచ్చినంత మాత్రాన నమ్మొద్దు, వింటేనే నమ్మండి. ఫైల్ పేరులో తేదీ, ఊరు, మనిషి పేరు రాయండి. పదేళ్ల తర్వాత 'జూమ్0047' అంటే ఎవరి గొంతో ఎవరికి తెలుస్తుంది?

ఏది ముందు కొనాలి?

డబ్బులు తక్కువున్నప్పుడు వరస ముఖ్యం. మొదట చెవులు మూసే వైర్డ్ హెడ్‌ఫోన్. బ్లూటూత్ వద్దు, ఆలస్యంగా వినిపిస్తుంది. రెండు, వైర్ ఉన్న కాలర్ మైక్, వెయ్యి రూపాయల అటూఇటూలో పని చేసేవి ఉన్నాయి. ఫోన్‌కి పెట్టి నేర్చుకోండి. మూడు, సిలికా జెల్ డబ్బా, బొచ్చు తొడుగు. నాలుగు, రెండు ఎక్స్‌ఎల్‌ఆర్ ఇన్‌పుట్‌లున్న రికార్డర్. ఐదు, షాట్‌గన్ మైక్, బూమ్ కర్ర. వైర్‌లెస్ చివరన. ఇప్పుడు అందరి దగ్గర కనిపించే చిన్న వైర్‌లెస్ మైకులు 2.4 గిగాహెర్ట్జ్‌లో పని చేస్తాయి, వైఫై కూడా అక్కడే ఉంటుంది. ఫంక్షన్ హాల్‌లో వందల ఫోన్ల మధ్య మాట తెగొచ్చు. ట్రాన్స్‌మిటర్‌లోనే రికార్డ్ అయ్యే మోడల్ అయితే ఆ ఆప్షన్ తప్పకుండా ఆన్ చేయండి.

చిన్న గదిలో షాట్‌గన్ కూడా గొప్పగా ఉండదు, గోడల ప్రతిధ్వని డబ్బాలో మాట్లాడినట్టు చేస్తుంది. అక్కడ కాలర్ మైక్ లేదా పొట్టి కార్డియాయిడ్ మైక్ నయం.

అప్పు చేసి పెద్ద మైక్ కొనకండి. రెండు రోజుల షూట్‌కి హైదరాబాద్ కృష్ణానగర్ వైపు అద్దెకి తెచ్చుకోండి. అద్దె గేర్ తీసుకునేటప్పుడు అక్కడే ఆన్ చేసి, విని, ఉన్న గీతలు ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి.

సెకండ్ హ్యాండ్ అయితే నిశ్శబ్దంగా ఉన్న గదిలో గెయిన్ పెంచి ఐదు నిమిషాలు వినండి, చిటపట ఉంటే వద్దు. కేబుల్ మొదట్లో కదిపి చూడండి. రికార్డర్ అయితే ఫాంటమ్ పవర్ ఆన్ చేసి, మల్టీమీటర్‌తో ఎక్స్‌ఎల్‌ఆర్ ఒకటో పిన్నుకి, రెండో పిన్నుకి మధ్య, ఒకటికి మూడుకి మధ్య కొలవండి. రెండు చోట్లా 44 నుంచి 52 వోల్టుల లోపు ఉండాలి. ఒక చోట తేడా వస్తే ఆ ఇన్‌పుట్ పోయినట్టే.

షూట్ ముందురోజు రాత్రి

స్క్రీన్‌షాట్ తీసుకోండి.
- బ్యాటరీలు రెండు జట్లు, చార్జ్ అయినవి. చార్జర్‌ని జనరేటర్‌కి నేరుగా పెట్టొద్దు, స్పైక్ గార్డ్ మధ్యలో ఉండాలి.
- ఖాళీ కార్డులు రెండు, రికార్డర్‌లో ఫార్మాట్ చేసినవి.
- కేబుల్ ఒకటి ఎక్కువ.
- ఫోమ్, బొచ్చు తొడుగు, మెడికల్ టేప్, రబ్బర్ బ్యాండ్లు, పెద్ద ప్లాస్టిక్ కవర్.
- ఇంట్లోనే ఒక నిమిషం రికార్డ్ చేసి, తిరిగి వినడం.
- లొకేషన్‌లో అందర్నీ ఆపి ఒక నిమిషం ఆ చోటు నిశ్శబ్దాన్ని రికార్డ్ చేయడం. ఎడిటింగ్‌లో అతుకులు కనపడకుండా చేసేది అదే.

ఇంతే. ఇందులో కష్టమైన టెక్నాలజీ ఏమీ లేదు. పొలం నుంచి వచ్చాక మన పెద్దవాళ్లు కొడవలి తుడిచి చూరులో పెట్టేవాళ్లు కదా, రేపు మళ్లీ దాంతోనే పని అని. అంతే శ్రద్ధ చాలు.

ఈ ఆదివారం ఒక పని పెట్టుకోండి. ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర కూర్చుని, ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, ఫ్రిజ్ ఆపి, బండి తాళం అందులో పెట్టి, ఒక్క పదిహేను నిమిషాలు రికార్డ్ చేయండి. మీ ఊరి పేరు ఎట్లొచ్చిందో అడిగితే చాలు, మిగతాది వాళ్లే చెప్తారు. వచ్చే ఎపిసోడ్‌లో ఆ రికార్డింగ్‌ని ఫోన్‌లోనే ఎలా శుభ్రం చేయాలో చూద్దాం. ఉంటా మరి.